మహారాజరాజశ్రీ రైల్వే గేటు గారికి

అయ్యా,

పన్నెండేళ్లుగా తమరి ముందు ఆగుతున్న స్కూటరు మనిషిని. ఇల్లు పట్టాలకు అవతల, ఆఫీసు ఇవతల. నేను కిరాణా కొట్టు మలుపు తిరిగేదాకా తమరు నిటారుగానే ఉంటారు. తిరిగానో లేదో, గంట మోగిస్తూ వినయంగా వంగుతారు. అంత మర్యాద నాకు అత్తవారింట్లో కూడా జరగలేదు.

గేటు పడగానే మేమేం చేస్తామో తమరికి తెలియనిది కాదు. ఎడమ వరుస నిండితే కుడివైపుకి చేరతాం. అవతలివాళ్లూ అంతే. గేటు లేచేసరికి రెండు సేనలు ఎదురెదురు. రైలు రెండు నిమిషాల్లో వెళ్లిపోతుంది, మేం కదలడానికి పావుగంట పడుతుంది. తిట్లు మాత్రం తమరికే. మూసిన గేటు ముందు హారన్ కొట్టడంలో నాది అందె వేసిన చెయ్యి. ఇనుము సిగ్గుపడి లేస్తుందని ఆశ.

మొన్న ఇరవై నిమిషాలు దాటింది. 'మనమే ఎత్తేద్దాం' అన్నాడు ఒక పెద్దమనిషి. మూసిన గేటు తెరిస్తే 1989 నాటి రైల్వే చట్టం కింద మూడేళ్ల దాకా జైలు. ఇరవై నిమిషాలు ఓర్చుకోలేనివాడికి మూడేళ్లు! నేను మాత్రం చట్టబద్ధంగా గేట్‌మన్ గది దగ్గరికి వెళ్లి అరిచాను.

"గేటుకి తాళం పడితేనే సిగ్నల్ పచ్చబడుతుంది సార్. పచ్చబడ్డాక నేను తియ్యాలన్నా తాళం రాదు. కొంచెం పక్కకు జరగండి" అని ఆయన పచ్చజెండా పట్టుకుని బయటికి నడిచాడు. గూడ్సు వచ్చింది. నేను కోపంతో వ్యాగన్లు లెక్కపెట్టాను, యాభై ఎనిమిది. ఆయన ఏ చక్రం దగ్గరైనా పొగ వస్తోందా, ఏదైనా వేలాడుతోందా అని చూస్తున్నాడు. వ్యాగన్ల నిండా బొగ్గు. కరెంటు పోతే నేను తిట్టేది ఆ బొగ్గు ఆలస్యాన్నే కదా అని అప్పుడు తట్టింది. రోజూ మాలాంటివాళ్ల చేత ఎన్ని మాటలు పడతాడో ఆ మనిషి. నన్ను తిరిగి ఒక్క మాట అనలేదు.

2014 జులై 24న మెదక్ జిల్లా మాసాయిపేటలో పట్టాల దగ్గర తమరూ లేరు, ఆయనలాంటి మనిషీ లేడు. బడి బస్సు పట్టాల మీదికి వెళ్లిపోయింది. దాని గురించి వ్యంగ్యం రాయడం నా చేత కాదు.

ఇక్కడ వంతెన వస్తుందని ప్రతి ఎన్నికల్లోనూ వింటున్నాను కాబట్టి మన స్నేహం ఇంకా చాలాకాలం ఉంటుంది. ఇకపై ఎడమ వరుసలోనే నిలబడతాను. హారన్ మానడానికి ప్రయత్నిస్తున్నాను. నిన్న ఒక్కసారే కొట్టాను, అదీ చిన్నగా.

ఈ ఉత్తరం తమరి ముందే ఆగి, ఫోనులో రాస్తున్నాను. వెనకాల ఎవరో అప్పుడే హారన్ అందుకున్నారు. కాలనీకి కొత్తగా వచ్చినట్టున్నారు.

ఇట్లు,
ఎడమ వరుసలో ఏడో స్కూటరు