మా పడవ నెత్తిన కూర్చున్న రాడార్ గారికి

అయ్యా,

సియాటెల్‌లో మా 26 అడుగుల పడవ చూడ్డానికి వచ్చిన తెలుగువాళ్లంతా ముందు అడిగేది మీ గురించే. "తెల్లగా, గుండ్రంగా బూడిద గుమ్మడికాయలా ఉంది, దిష్టికా?" అని. "కాదండీ, రాడార్. చీకట్లోనూ, పొగమంచులోనూ చూస్తుంది" అని ఛాతీ విరుచుకుని చెప్పేవాణ్ణి. ఏడాదిన్నరగా మీకు నేనిచ్చిన ఉద్యోగం అంతే. ఎండ కాస్తున్నప్పుడు మిమ్మల్ని ఆన్ చెయ్యడం దేనికి, కళ్లున్నాయిగా!

అంత గౌరవంగా చూసుకుంటే అక్టోబర్‌లో మీరు చేసిందేమిటి?

షిల్షోల్ రేవు నుంచి బ్లేక్ ఐలాండ్‌కి బయల్దేరాం. అరగంట గడిచిందో లేదో పొగమంచు కమ్మేసింది. పడవ ముక్కు కూడా కనపడలేదు. మిమ్మల్నే నమ్ముకుని మీట నొక్కితే, తెర నిండా ముగ్గు వెయ్యబోతున్నట్టు చుక్కలు! అందులో అల ఏదో, పడవ ఏదో చెప్పరే? నేను చెత్త చూస్తే ఊరుకోలేని మనిషిని. అలల చుక్కల్ని తుడిచే 'సీ క్లట్టర్' అన్న మీట కనపడితే చివరిదాకా పెంచేశాను. తెర అద్దంలా మెరిసింది. రెండు నిమిషాలకి ఒక కయాక్ మా పక్కనుంచే వెళ్లింది, అందులో ఆవిడ గుడ్ మార్నింగ్ కూడా చెప్పింది. అలలతో పాటు దగ్గర్లో ఉన్న చిన్న పడవలు కూడా తుడిచిపెట్టుకుపోతాయని ఆ మీట మీద రాసి ఉంటే మీ సొమ్మేం పోయేది?

పొగమంచులో రెండు నిమిషాలకోసారైనా హారన్ కొట్టాలట. అదొక్కటీ నాకు బాగా వచ్చు. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర రెండు సెకన్లకోసారి కొట్టిన చెయ్యి ఇది.

ఇక తెర మీద కనపడిన ఆ మచ్చ సంగతి. కుడివైపు నుంచి ఒకటి వస్తోంది. మిగతావన్నీ అటూ ఇటూ జరుగుతుంటే అది మాత్రం మా పడవ నుంచి చూసే కోణం మార్చకుండా, ఒకే గీత మీద, వినయంగా దగ్గరవుతోంది. ఎంత క్రమశిక్షణ అని ముచ్చటపడ్డాను. అప్పుడు వినిపించింది 'భోం'మని. కడుపులో పేగులు కదిలాయి. బైన్‌బ్రిడ్జ్ ఫెర్రీ, 460 అడుగులది, రెండొందల కార్లు పడుతుంది. ఇంజిన్ న్యూట్రల్‌లోకి లాగేశాను. గోడలాంటిదేదో ముందునుంచి సాగిపోయింది. కోణం మారకుండా దూరం తగ్గుతోందంటే ఢీకొట్టడానికి వస్తున్నట్టేనని నాకు గట్టున కాళ్లు పెట్టాక తెలిసింది.

కోపం పట్టలేక ఇంటికెళ్లి మీ వంశచరిత్ర తిరగేశాను. 1956 జులైలో అమెరికా తూర్పు తీరంలో నాన్‌టకెట్ దగ్గర ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు ఢీకొని 51 మంది పోయారు. రెండు ఓడల్లోనూ మీవాళ్లున్నారు, ఒకదాన్నొకటి తెర మీద చూసుకుంటూనే వచ్చాయి. "చూశావా, వీళ్లని నమ్మితే ఇంతే" అని మా ఆవిడకి చూపించాను. తను మొత్తం చదివి, "ఏమండీ, చూసిన మచ్చ ఎటు పోతోందో సరిగ్గా లెక్క కట్టి ఉంటే తెలిసేదిగా? రాడార్ చూపించింది కదా" అంది. పడవ కాగితాల్లో మీ కంపెనీ ఏజెంటుగా సంతకమేమైనా చేసిందేమోనని వెతికాను.

అంతటితో ఆపిందా? 1972 నాటి అంతర్జాతీయ సముద్ర నియమాలు తీసింది. పనిచేసే రాడార్ ఉన్నవాడు దాన్ని సరిగ్గా వాడి తీరాలి, అరకొరగా కనపడిన దాన్ని బట్టి ఊహించుకోకూడదు అని ఏడో నియమమట. మీరే లేకపోతే నాకీ బాధ్యత ఉండేదా? డబ్బులు పోసి నేరం కొనుక్కున్నాను.

ఇట్లు,
మీ యజమాని

తా.క.: వచ్చే ఆదివారం మంచి ఎండట. కంటికి కనపడే ఫెర్రీలనీ, నీళ్లలో తేలే బోయా గుర్తులనీ తెర మీద వెతుక్కుంటూ కూర్చోమని మా ఆవిడ ఆజ్ఞ. పట్టపగలు రాడార్ ఎందుకు తిరుగుతోందని మావాళ్లెవరైనా అడిగితే, దిష్టికే అని చెప్తాను. మీరు కాదనకండి.