ఎఫ్-75 మీద నా అభ్యంతరాలు

తీవ్రమైన పోషకాహార లోపంతో చర్మం వేలాడిపోతున్న పసివాడిని ఆస్పత్రిలో చేర్పిస్తే ముందుగా పట్టే పాల పేరు ఎఫ్-75. పేరు చూడండి, సిటీ బస్సు నంబరులా లేదూ? 100 మిల్లీలీటర్లకు 75 క్యాలరీలు కాబట్టి అలా పెట్టారట. మన పోషకాహార పునరావాస కేంద్రాల్లో అయితే ఇదే లెక్కతో పాలు, చక్కెర, నూనె, మరమరాల పొడి కలిపి అక్కడికక్కడే చేసేస్తారు. డబ్బా లేదు, మూత లేదు, బంగారు రంగు అక్షరాలు లేవు, దీన్ని జనం ఎలా నమ్మాలి?

పైగా ఇందులో ప్రోటీన్ 100 మిల్లీలీటర్లకు 0.9 గ్రాములే. ఆవుపాలలోనే 3 గ్రాముల పైన ఉంటుంది. బక్కచిక్కిన బిడ్డకు బలమైంది పెట్టాలని మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు, డాక్టర్లకు మాత్రం తెలియదు. ఆ స్థితిలో కిడ్నీలు, లివరు, గుండె దేన్నీ తట్టుకోలేవట, ఒక్కసారిగా మేపేస్తే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికే వస్తుందట. ఐరన్ కూడా వెయ్యరు, ముందు ఇన్ఫెక్షన్ తగ్గాలట! ఆకలి తిరిగొచ్చి, వాపులు తీయడం మొదలయ్యాక గానీ 100 క్యాలరీల ఎఫ్-100 జోలికి పోరు. ఇంత ఓపిక ఎవరికుంది?

అందుకే నేను షాపులో దొరికే పాలడబ్బా పక్షం. అది ఆరోగ్యంగా ఉన్న పిల్లల కోసం చేసిన పొడి, 100 మిల్లీలీటర్లకు దాదాపు 67 క్యాలరీలు, జబ్బుపడ్డ బిడ్డకు మందు కాదు అని సణిగేవాళ్లు ఉంటారు, పట్టించుకోకండి. ఒక్కటే చిక్కు, రోజంతా అవే పాలైతే 400 గ్రాముల డబ్బా వారం కూడా రాదు. దానికీ మన ఇళ్లలో ఉపాయం ఉంది. చెంచా పొడికి 30 మిల్లీలీటర్ల నీళ్లని డబ్బా మీద రాసి ఉన్నచోట 60 పోస్తే సరి. క్యాలరీలు సగమవుతాయి, అంటే అది ఎఫ్-33, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇంతవరకూ కనిపెట్టలేకపోయిన ఫార్ములా.

కంపెనీల కష్టం కూడా ఆలోచించాలి కదా. 1992 చట్టం వచ్చి పాలపొడికి ప్రకటనలొద్దంది, డబ్బా మీద బొద్దు పాపాయి బొమ్మ వద్దంది, తల్లిపాలే మేలని ఆ డబ్బా మీదే రాయమంది. సొంత సరుకు మీద పోటీవాడి గొప్పలు రాసుకునే వ్యాపారం ఇంకెక్కడైనా ఉందా?

అన్నిటికంటే అన్యాయం ఆరు నెలల్లోపు పిల్లల విషయంలో జరుగుతోంది. అక్కడ పాలపొడి వాడినా కొలత ప్రకారమే కలుపుతారు, ఆ కప్పులో సన్నటి ట్యూబు ఒక కొస ముంచి, రెండో కొస తల్లి చనుమొన దగ్గర అంటించి, బిడ్డను రొమ్ముకే పట్టిస్తారు. బిడ్డ చప్పరించేకొద్దీ తల్లికి పాలు మళ్లీ పడతాయట, అవి పెరిగేకొద్దీ కప్పులోవి తగ్గించేస్తారట. అంటే పాలపొడిని వాడుకుని, పాలపొడి అవసరమే లేకుండా చేసి ఇంటికి పంపిస్తున్నారన్నమాట. దీని మీద ఒక్క వ్యాపార సంఘమైనా కోర్టుకెళ్లదేం?