హద్దు రాయి దగ్గరే ఆగిన అనంతపురం

అనంతపురంలో రుద్రంపేట బైపాస్ దగ్గర నిలబడి నగరం ఎక్కడ అయిపోయిందో చూపించమంటే పాత కాపురస్తులు కూడా తడుముకుంటారు. అటూ ఇటూ అవే ఇళ్లు, అవే షాపులు, అదే ట్రాఫిక్. కాగితాల మీద మాత్రం ఒకవైపు నగరపాలక సంస్థ, మరోవైపు పంచాయతీ. పాపంపేట, నారాయణపురం, కక్కలపల్లి, రాజీవ్‌కాలనీ వైపు వెళ్లినా ఇదే తంతు. 2011 జనగణన నాటికి నగరపాలక సంస్థ హద్దుల్లో ఉన్నవారు సుమారు 2.6 లక్షలు. అంటుకుపోయిన ఊళ్లనూ కలిపితే 3.4 లక్షలు. అంటే దాదాపు 80 వేల మంది అప్పటికే నగరంలో బతుకుతూ ఊరి లెక్కల్లో ఉన్నారు. ఆ తర్వాత జనాన్ని లెక్కపెట్టడం ఆగింది గానీ వెంచర్లు వేయడం ఆగలేదు.

వానను నమ్ముకుని శనక్కాయ వేసి విసిగిపోయిన రైతు భూమిని ఎకరాల్లో అమ్ముకున్నాడు, కొన్నవారు దాన్ని సెంట్లలో అమ్ముకుంటున్నారు. ముందు ఆర్చి లేస్తుంది. తర్వాత తెల్లరంగు పూసిన రాళ్లు, గ్రావెల్ రోడ్డు. పక్కనే తవ్విన కాలువ వెంబడి నడిచి చూడండి, చాలా చోట్ల అది చివరి ప్లాటు దగ్గర ఆగిపోతుంది. అక్కడి నుంచి నీళ్లు ఎటు పోవాలో ఎవరికీ పట్టలేదు. ఇలాంటి అనధికార లేఅవుట్లకే ప్రభుత్వం 2020లో ఒకసారి, 2025లో మరోసారి క్రమబద్ధీకరణ అవకాశం ఇచ్చింది. రుసుము కట్టేది అప్పు చేసి ప్లాటు కొన్న చిరుద్యోగి. పార్కు జాగాను కూడా అమ్ముకున్న పెద్దమనిషి ఈపాటికి మరో ఆర్చి కడుతుంటాడు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు కూడా గట్టిగా కురవని ప్రాంతంలో వరద బాధితులు ఉండటం ఏమిటని బయటివారు ఆశ్చర్యపోవచ్చు. 2022 అక్టోబరులో నడిమివంక పొంగి కాలనీలను ముంచింది. 2024 అక్టోబరులో పండమేరు వాగు వంతు, తెల్లారేసరికి జగనన్న కాలనీ నీళ్లలో ఉంది. అక్కడ పట్టాలిచ్చింది ఏ రియల్టరో కాదు, సాక్షాత్తూ ప్రభుత్వమే. వంక ఏడాదిలో పది నెలలు ఎండి ఉంటుంది కాబట్టి అది ఖాళీ స్థలమని అందరూ అనుకున్నారు, అధికారులతో సహా.

ఇక ప్రయాణం సంగతి. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం అమలవుతోంది. మంచి పథకమే. కానీ బస్సే రాని కాలనీలో ఆ ఉచితం ఏం చేసుకోను? టవర్ క్లాక్ దగ్గర బట్టల షాపులో పనిచేసి రాత్రి ఇంటికి బయలుదేరే ఆడపిల్లకు దిక్కు షేర్ ఆటోనే. అదీ సీట్లు నిండేదాకా కదలదు. కాస్త పొద్దుపోతే ఒక్కదాని కోసం రానంటాడు, వస్తే చెప్పినంత ఇవ్వాలి. జీతంలో ఆటోకు పోయేదెంతో ఆ ఇంట్లో అడిగితే తెలుస్తుంది. పీఎం ఈ-బస్ సేవ కింద రాష్ట్రంలో 11 నగరాలకు 750 ఎలక్ట్రిక్ బస్సులు మంజూరైతే, ఆ జాబితాలో అనంతపురమూ ఉంది. అవి సప్తగిరి సర్కిల్ చుట్టూ తిరిగితే చాలదు.

పంచాయతీలను నగరంలో విలీనం చేస్తే అన్నీ చక్కబడతాయనే వాదన ఉంది. మేం దాన్ని పూర్తిగా ఒప్పుకోం. ఇంటి పన్ను పెరుగుతుందన్న భయం, ఉపాధి పనులు పోతాయన్న కూలీల బాధ కొట్టిపారేసేవి కావు. ఏళ్ల తరబడి నగరంలో ఉన్న వార్డులకే డ్రైనేజీ సరిగా లేనప్పుడు కొత్తగా వచ్చి చేరేవారికి ఏం ఒరుగుతుంది? అలాగని విలీనం తేలేదాకా చేతులు కట్టుకుని కూర్చోవడమూ కుదరదు.

విలీనంతో పని లేకుండా చేయదగినవి ఉన్నాయి. అనంతపురం-హిందూపురం పట్టణాభివృద్ధి సంస్థ, ఇరిగేషన్ అధికారులు కలిసి నడిమివంక, పండమేరు పాత వెడల్పును సర్వే చేసి రాళ్లు పాతించాలి. కాలువ నీరు ఏ వంకలో కలుస్తుందో మ్యాపులో చూపని లేఅవుట్‌కు అనుమతి ఇవ్వకూడదు. క్రమబద్ధీకరణ రుసుము ఏ పంచాయతీలో వసూలైతే ఆ పంచాయతీ కాలువలకే ఖర్చు పెట్టి, లెక్క గ్రామసభలో చెప్పాలి. ఈ-బస్సుల్లో సగమైనా రుద్రంపేట, కక్కలపల్లి, ఇటుకలపల్లి వైపు నడపాలి. చివరి ట్రిప్పు షాపులు మూసే వేళ దాటాకే టవర్ క్లాక్ నుంచి కదలాలి.