ఫ్రెంచ్‌లో ఎం.ఏ.: మాట్లాడటం వస్తే సరిపోదు

ఫ్రెంచ్ ధారాళంగా మాట్లాడేవాళ్లూ మాస్టర్స్ మొదటి సెమిస్టర్‌లో తడబడతారు. లోపం వ్యాకరణంలో ఉండదు. అప్పటిదాకా నేర్చుకున్నది తమ అభిప్రాయం చెప్పడం. ఇక్కడ అడిగేది, రచన ఎలా పనిచేస్తోందో చూపించమని.

ఫ్రెంచ్‌లో ఉన్నతస్థాయి ప్రావీణ్యాన్ని కొలిచే డాల్ఫ్ సీ1 పరీక్షలోనే ఈ తేడా బయటపడుతుంది. 100కి 50 వస్తే పాస్, కానీ నాలుగు విభాగాల్లో ఒక్కోదానిలో 25కి కనీసం 5 రావాలి. రాత విభాగంలో ‘సాంతేజ్’ ఉంటుంది: అన్నీ కలిపి సుమారు వెయ్యి పదాలుండే పత్రాలను 200–240 పదాల్లోకి కుదించాలి. చాలామంది ఒక్కో పత్రానికి ఒక్కో సారాంశం రాసి నష్టపోతారు. పత్రాలన్నిటినీ కలిపే అంశాన్ని పట్టుకుని, దాని చుట్టూ కొత్త క్రమంలో రాయాలి. సొంత అభిప్రాయానికి అక్కడ చోటు లేదు.

తరగతిలో అసలు గండం ‘ఎక్స్‌ప్లికాసియోఁ ద తెక్స్త్’, అంటే రచనలోని ఒక భాగంపై వ్యాఖ్యానం. ఇచ్చిన భాగానికి తాత్పర్యం చెప్పేస్తే వ్యాఖ్యానం అయిపోదు. ఆల్బేర్ కామూ నవల ‘లెత్రాంజే’ (1942) తీసుకోండి. నవలలకు అలవాటైన పాసే సాంప్ల్ అనే భూతకాల రూపం బదులు, ఆ కథ ప్రధానంగా నోటిమాటలో వాడే మరో భూతకాల రూపం పాసే కోంపోజేలో నడుస్తుంది. దీన్ని గుర్తించడం తొలిమెట్టే. దానివల్ల ఒక్కో చర్య ముందుదానితో కార్యకారణ సంబంధం లేనట్టు విడివిడిగా నిలబడుతుందని, కథకుడి ధోరణి అక్కడే తెలుస్తుందని వాక్యాలు చూపి నిరూపించాలి.

మెమ్వార్, అంటే పరిశోధన వ్యాసం, దగ్గర ఇంకో పొరపాటు జరుగుతుంది. అల్జీరియా రచయిత్రి అసియా జెబార్‌నే తీసుకుంటే, ‘అసియా జెబార్ నవలల్లో స్త్రీ’ అనేది విషయం మాత్రమే, ‘ప్రొబ్లెమాటీక్’ (పరిశోధన ప్రశ్న) కాదు. ఆమె ‘లామూర్, లా ఫాంతాజియా’ (1985)లో 1830 నాటి అల్జీరియా ఆక్రమణపై ఫ్రెంచ్ సైనికాధికారుల రాతలూ, స్వాతంత్ర్య పోరాటంలోని అల్జీరియా స్త్రీల మౌఖిక సాక్ష్యాలూ ఒకే పుస్తకంలో ఉన్నాయి. ఆక్రమించినవాళ్ల భాషలోనే ఆ స్త్రీల గొంతును రాస్తే ఏం దక్కుతుంది, ఏం జారిపోతుంది? ఇలా అడిగితేనే రెండేళ్ల పనికి దారి దొరుకుతుంది. ఫ్రాన్స్ వెలుపలి ఫ్రెంచ్ సాహిత్యాన్ని అనుబంధంలా చూసే సిలబస్‌లు ఇలాంటి ప్రశ్నలనే పోగొట్టుకుంటాయి. జెబార్ 2005లో ఫ్రెంచ్ భాషకు సంబంధించిన అత్యున్నత సంస్థ ఫ్రెంచ్ అకాడమీకి ఎన్నికయ్యారని గుర్తుంచుకోవాలి.

పరిశోధనకు గైడ్‌గా ఉండమని అధ్యాపకుడికి రాసేటప్పుడు ‘ఇరవయ్యో శతాబ్దపు సాహిత్యమంటే ఇష్టం’ అంటే జవాబు రాకపోవచ్చు. ఒక్క పేజీ చాలు: ఒకటి రెండు రచనలు, ఒక ప్రశ్న, దానిపై ఇప్పటికే చదివిన విమర్శ. పాత పత్రికలు, తొలి ముద్రణలు కావాలంటే ఫ్రాన్స్ జాతీయ గ్రంథాలయం వారి డిజిటల్ గ్రంథాలయం ‘గల్లికా’లో ఉచితంగా దొరికేవి చాలా ఉన్నాయి, ప్రశ్న ఖాయం చేసుకునే ముందే అందులో వెతకాలి.