ఆరో నెల నుంచి మూడో ఏడు దాకా బిడ్డ ఎవరి ఒళ్లో?

ఉచిత బస్సు మీద జరిగినంత రగడ మన దగ్గర ఈ మధ్య ఇంకే పథకం మీదా జరగలేదు. తెలంగాణలో 2023 డిసెంబరులో మహాలక్ష్మి, ఆంధ్రలో 2025 ఆగస్టులో స్త్రీశక్తి. సీట్ల గొడవలు, ఆటోవాళ్ల గోడు, ఆర్టీసీ లెక్కలు అన్నీ విన్నాం. పథకం మంచిదే, నేను సమర్థించేదాన్నే. కానీ ఆ బస్సు ఎక్కలేకపోయిన ఒక మనిషి సంగతి ఎవరూ ఎత్తలేదు. చంకలో ఏడాదిన్నర బిడ్డ ఉన్న ఆడమనిషి. టికెట్ సరే, బిడ్డను ఎవరి చేతిలో పెట్టి పనికి వెళ్తుంది?

చట్టప్రకారం ప్రసూతి సెలవు 26 వారాలు. అది ముగిసేసరికి బిడ్డకు ఆరు నెలలు. అంగన్‌వాడీలో పిల్లల్ని కూచోబెట్టుకునేది మూడేళ్లు నిండాక. ఈలోపు వాళ్లకు అందేది బాలామృతం ప్యాకెట్టు, గుడ్లు, నెలకోసారి తూకం. అంటే మధ్యలో ఉన్న రెండున్నరేళ్లూ సర్కారుకు బిడ్డ బరువు తెలుసు గానీ, బిడ్డ పగలంతా ఎవరి దగ్గర ఉంటోందో తెలియదు. ఆడవాళ్ల సంపాదన దెబ్బతినేది సరిగ్గా అక్కడే. ఆర్థికవేత్త క్లాడియా గోల్డిన్‌కు 2023లో నోబెల్ తెచ్చిన పరిశోధన చెప్పిందీ ఇదే: సంపన్న దేశాల్లో ఇవాళ ఆడామగా సంపాదనల తేడాలో ఎక్కువ భాగం తొలి కాన్పుతో మొదలవుతుంది. మన దగ్గరైతే ఆ 26 వారాల సెలవు కూడా సంఘటిత రంగంలోని కొద్దిమందికే. మిగతావాళ్లకు మాతృవందన యోజన కింద మొదటి కాన్పుకు 5,000 రూపాయలు, అదీ విడతల్లో. 6,000కు తగ్గకూడదని 2013 ఆహార భద్రత చట్టంలో రాసుకున్నది మనమే.

మిర్చి కోతలు చూసినవాళ్లకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు. చాలాచోట్ల కూలి కిలో లెక్కన. చేలో ఎక్కడో చెట్టుకు చీర ఉయ్యాల. బిడ్డ ఏడిస్తే తల్లి సాలు వదిలి రావాలి. వచ్చినా వెంటనే ఎత్తుకోలేదు. కాయ తుంచిన చేతుల ఘాటు సబ్బుతో కడిగినా పోదు, ఆ చెయ్యి బిడ్డ కంటికి తగిలిందంటే ఇంకేమైనా ఉందా? పాలిచ్చి పడుకోబెట్టి మళ్లీ సాల్లోకి వచ్చేసరికి పక్క మనిషి ఎంతో ముందుకు వెళ్లిపోయి ఉంటుంది. ఆ తేడా సాయంత్రం కాటా మీద కిలోల్లో తేలుతుంది. కొందరు దీనికి ఒక దారి చూసుకున్నారు: పెద్దపిల్లను బడి మాన్పించి ఉయ్యాల ఊపడానికి వెంట తెచ్చుకోవడం. తల్లి కూలి నిలబడాలంటే కూతురి చదువు పోవాలి. ఈ బేరం మన పల్లెల్లో ఏటా జరుగుతూనే ఉంది.

ఉద్యోగ మార్కెట్‌కు బయట ఉన్న భారతీయ మహిళల్లో 53 శాతం మందికి ఇంటి బాధ్యతలూ పిల్లల సంరక్షణే అడ్డని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2024లో చెప్పింది. మగవాళ్లలో అలాంటివాళ్లు 1.1 శాతం. మహిళా సాధికారత పేరుతో కుట్టుమిషన్లు పంచే నాయకులు ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని చూడాలి.

పసిపిల్లల్ని పగలంతా చూసుకునే క్రెష్‌లు మనకెందుకు, అమ్మమ్మలూ నానమ్మలూ లేరా అంటారు. ఉన్నారు. అమెరికాలో కూతురి పురిటికని విజిటర్ వీసా మీద వెళ్లి, ఆరు నెలలయ్యాక వియ్యపురాలికి డ్యూటీ అప్పజెప్పి వచ్చే విజయవాడ అమ్మమ్మలూ ఉన్నారు. సాఫ్ట్‌వేర్ కూతురి కెరీర్ నిలబడింది ఆ జీతం లేని చాకిరీ మీదే. కూలి పనికి పోయే ఇంట్లో అయితే అమ్మమ్మకు యాభై కూడా నిండవు, ఆమే ఇంకా కూలికి పోతుంటుంది.

చట్టం తీరు ఇంకో తమాషా. ప్రసూతి చట్టానికి 2017లో చేసిన సవరణ 50 మంది, అంతకు పైబడి ఉన్న సంస్థలకు క్రెష్ తప్పనిసరి చేసింది. సెలవు కాలపు జీతమేమో, ఈఎస్ఐ పరిధిలో లేనివాళ్ల విషయంలో, మొత్తం యజమాని నెత్తినే పెట్టింది. కొత్తగా పెళ్లయిన అమ్మాయి ఇంటర్వ్యూకు వస్తే యజమాని ఏం లెక్క వేసుకుంటాడో ఊహించడం కష్టం కాదు. కేంద్ర ఉద్యోగుల్లో పిల్లల సంరక్షణకు తల్లికి 730 రోజుల సెలవు ఉంది. తండ్రికి కావాలంటే అతను ఒంటరివాడై ఉండాలి. భార్య ఉన్న మగవాడికి బిడ్డతో పనేముందని సాక్షాత్తూ సర్కారే అనుకుంటోంది.

అసలు జబ్బు ఇంకా లోపల ఉంది. మన రెండు రాష్ట్రాల్లోనూ రాజకీయం బటన్ నొక్కడానికి అలవాటు పడింది. ఆంధ్రలో బడి పిల్లల తల్లుల ఖాతాలో డబ్బు వేసే పథకాలే చూడండి, నిన్న అమ్మఒడి, ఇవాళ తల్లికి వందనం. ఈ డబ్బు వచ్చేది బిడ్డ ఒకటో తరగతిలో చేరాక, అంటే తల్లికి కాస్త చేతులు ఖాళీ అయ్యాక. బిడ్డ నడుము దిగని రోజుల్లో మాత్రం ఆమె ఎవరికీ గుర్తు రాదు. పైగా జనాభా తగ్గిపోతోంది, ఎక్కువమందిని కనండని ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రే పిలుపునిస్తున్నారు. కనడానికి సలహా ఇచ్చినంత తేలిక కాదు పెంచడానికి చోటు చూపించడం. ఖాతాలో డబ్బు వేస్తే ఆ పూటకు పేపర్లో ఫొటో వస్తుంది, క్రెష్ అయితే రోజూ తలుపు తియ్యాలి, మనిషి ఉండాలి, జీతమివ్వాలి.

ఎంత ఖర్చవుతుందంటారా? నెలకు 15 వేల చొప్పున ఇద్దరు మనుషుల్ని పెడితే ఏడాదికి 3 లక్షల 60 వేలు. తల్లికి వందనంలో ఒక్కో బిడ్డకు 13 వేలు తల్లి ఖాతాలో పడుతున్నాయి, 28 మంది పిల్లలకు ఇచ్చే సొమ్ముతో ఒక ఊరి క్రెష్ జీతాలు వెళ్లిపోతాయి. పథకం ఆపమని నేననడం లేదు, పద్దులో దీన్ని ముందుకు జరపమంటున్నా. పక్కనున్న కర్ణాటక ఉపాధి హామీ కూలీల పిల్లల కోసం 4 వేల పంచాయతీల్లో ‘కూసిన మనె’ అనే క్రెష్‌లు పెడతానని పని మొదలుపెట్టింది. కేంద్రమేమో దాదాపు 14 లక్షల అంగన్‌వాడీలున్న దేశంలో ‘పాల్నా’ పేరుతో 17 వేల క్రెష్‌లను లక్ష్యంగా పెట్టుకుని సరిపెట్టుకుంది.

అలాగని ఉన్న అంగన్‌వాడీ టీచర్ల మీదే ఈ బరువూ వేస్తామంటే కుదరదు. 11,500 రూపాయలతో బతకలేమని ఆంధ్రలో వాళ్లు 42 రోజులు సమ్మె చేస్తే 2024 జనవరిలో సమ్మెల్ని నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించారు. కేంద్రం తాను నిర్ణయించే గౌరవ వేతనాన్ని 2018లో 4,500 చేసి, ఆ తర్వాత ఏళ్ల తరబడి ముట్టుకోలేదు. క్రెష్‌కు వేరే మనుషులు కావాలి, కనీస వేతనం కావాలి, వేళలు ఆఫీసును బట్టి కాక ఊరి పనిని బట్టి ఉండాలి. కోతల కాలంలో ఉదయం ఆరింటికే తెరవాలి, పొద్దెక్కాక తెరిస్తే అప్పటికే కూలీల ఆటో వెళ్లిపోయి ఉంటుంది.