సవరణ: హెచ్‌ఐవీ ఉన్నవారిలో కీళ్ల ఇన్ఫెక్షన్

హెచ్‌ఐవీతో జీవిస్తున్నవారి కీళ్లలో చీము పట్టడం గురించిన గత వ్యాసంలో, సీడీ4 కణాలు (రోగనిరోధక శక్తికి కీలకమైన తెల్ల రక్తకణాలు) బాగా పడిపోయినవారికే ఈ జబ్బు వస్తుందనీ, అరుదైన సూక్ష్మజీవులే కారణమనీ ఉన్న వాక్యాన్ని ఈ విధంగా సవరించి చదువుకోవాలని మనవి.

హెచ్‌ఐవీ లేనివారిలో మాదిరిగానే వీరిలోనూ ఎక్కువగా కనిపించేది స్టెఫైలోకాకస్ ఆరియస్ అనే మామూలు బ్యాక్టీరియానే. సీడీ4 సంఖ్య బాగున్నా ఇది రావచ్చు. ఆ సంఖ్య బాగా తగ్గినప్పుడు ఫంగస్ వంటి ఇతర క్రిములను కూడా అనుమానించాలి. మోకాలికి ఎక్కువగా సోకుతుంది, అయితే సూదులతో మత్తుమందు తీసుకునేవారిలో కాలర్ ఎముక రొమ్ము ఎముకతో కలిసే చోట కూడా రావచ్చు.

జ్వరం లేదు కాబట్టి ఇన్ఫెక్షన్ కాదనుకోవడం ప్రమాదకరం. ఒకటి రెండు రోజుల్లోనే మోకాలు వాచి, వేడెక్కి, కాలు మడవలేనంత నొప్పి పుడితే, వీలైనంతవరకు మొదటి యాంటీబయాటిక్ డోసుకు ముందే సిరంజితో కీలులోని నీరు తీసి కల్చర్‌కు (క్రిమిని ల్యాబ్‌లో పెంచి గుర్తించే పరీక్షకు) పంపాలి. ముందే మందు పడితే క్రిమి పెరగకపోవచ్చు, అప్పుడు ఏ మందు పనిచేస్తుందో తేల్చడం కష్టమవుతుంది. చీమును తోడెయ్యకుండా మందులతోనే సరిపెడితే మృదులాస్థి కొద్ది రోజుల్లోనే దెబ్బతినవచ్చు. ఇన్ఫెక్షన్ లేదని తేలకముందే నొప్పి తగ్గడానికి కీలులోకి స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద పొరపాటు.

వాపు వారాలు, నెలల తరబడి నెమ్మదిగా పెరుగుతుంటే మన దేశంలో క్షయను తప్పక అనుమానించాలి. క్షయకు రిఫాంపిసిన్ మొదలుపెడితే హెచ్‌ఐవీ మందైన డోలుటెగ్రావిర్ 50 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు అవసరమవుతుంది కనుక, ఏఆర్‌టీ (హెచ్‌ఐవీ మందుల చికిత్స) కేంద్రంలోని వైద్యులకు ముందే చెప్పాలి. ఏఆర్‌టీ మందులను మాత్రం సొంతంగా ఆపకూడదు.