డ్రాగన్ ఉన్నంత మాత్రాన పిల్లల పుస్తకమైపోదు

2025లో ఫాంటసీ నవలల్లో అన్నిటికంటే ఎక్కువ హడావుడి చేసింది రెబెకా యారోస్ 'ఆనిక్స్ స్టార్మ్'. జనవరిలో వచ్చింది. అమెరికాలో మొదటి వారంలోనే 27 లక్షల కాపీలు అమ్ముడుపోయాయి. గత ఇరవై ఏళ్లలో ఇంత వేగంగా అమ్ముడైన పెద్దల నవల ఇంకోటి లేదని అక్కడి పత్రికలు రాశాయి. పెద్దల నవల అని వాళ్లు స్పష్టంగానే రాశారు. బెంగళూరులో మాత్రం దాన్ని చదువుతున్నవాళ్లలో తొమ్మిదో తరగతి, పదో తరగతి పిల్లలు బోలెడుమంది. మారతహళ్లి, వైట్‌ఫీల్డ్ వైపు అపార్ట్‌మెంట్లలో ఉండే మన తెలుగు ఇళ్లలో అయితే ఇది మామూలైపోయింది. డ్రాగన్ల కథే కదా, ఫోన్ పక్కన పెట్టి పుస్తకం పట్టుకుంది అదే పదివేలు అనుకుని తల్లిదండ్రులు కొనిచ్చేస్తున్నారు. లోపల పెద్దల శృంగార ఘట్టాలు ఉన్నాయేమోనని తిరగేసేవాళ్లు తక్కువ.

టీనేజ్ పిల్లలు ఇది చదివి పాడైపోతారని నేను అనడం లేదు. నా బాధ వేరు. యంగ్ అడల్ట్, అంటే టీనేజ్ పిల్లల కోసం, అని బోర్డు పెట్టిన పుస్తకాల అర మెల్లమెల్లగా పిల్లల చేతుల్లోంచి జారి పాతికేళ్లు, ముప్ఫై ఏళ్లు ఉన్నవాళ్ల చేతుల్లోకి వెళ్లిపోతోంది. 2025లో నాకు బాగా నచ్చిన నవలలు ఏవని చూసుకుంటే, అవి పదిహేనేళ్ల పాఠకుణ్ని మర్చిపోకుండా రాసినవే.

ఇది ఒక్క ఏడాదిలో జరిగింది కాదు. యంగ్ అడల్ట్ పుస్తకాలు కొనేవాళ్లలో 55 శాతం మంది 18 ఏళ్లు దాటినవాళ్లేనని అమెరికాలో పుస్తకాల అమ్మకాల లెక్కలు చూసే బౌకర్ సంస్థ 2012లోనే లెక్క తీసింది. 30 నుంచి 44 ఏళ్ల మధ్యవాళ్లే 28 శాతం. వాళ్లలో ఎక్కువమంది కొన్నది పిల్లల కోసం కాదు, తమ కోసమే. ప్రచురణకర్తలకు ఇంతకంటే ఏం కావాలి? సారా జె. మాస్ రాసిన ఒక సిరీస్ 2015లో యంగ్ అడల్ట్ పేరుతో మొదలై, 2020లో కొత్త అట్టలతో పెద్దల అరలోకి మారింది. పుస్తకం అదే, బోర్డు మారింది. 2008లో 'హంగర్ గేమ్స్' మొదటి భాగం వచ్చినప్పుడు పద్నాలుగేళ్లున్న పాఠకురాలికి ఇప్పుడు ముప్ఫై దాటాయి. ఉద్యోగం ఉంది, జీతం ఉంది, పేజీల అంచులకు రంగు వేసిన స్పెషల్ ఎడిషన్ కొనే స్తోమత ఉంది. కథ ఆవిడ వెనకే వెళ్లింది.

బెంగళూరు కంటే ఆవిడ ఎక్కువగా ఉండే ఊరు మన దేశంలో ఇంకోటి ఉంటుందా? శనివారం సాయంత్రం చర్చ్ స్ట్రీట్‌లో బ్లాసమ్ పుస్తకాల షాపు మెట్లెక్కి చూడండి, ఫాంటసీ అరల ముందు మెడలో ఐడీ కార్డుతో నిలబడ్డవాళ్లే ఎక్కువ. కబ్బన్ పార్క్‌లో శనివారాల్లో దుప్పట్లు పరుచుకుని మౌనంగా చదువుకునే గుంపులోనూ అంతే. అందులో తెలుగువాళ్లూ తక్కువేం లేరు. ఇది మంచి విషయమే. ముప్ఫై ఏళ్ల మనిషి డ్రాగన్ల కథ చదివితే తప్పేంటి? కాకపోతే అర ఒక్కటే, చోటు కొంచెమే. పెద్దవాళ్లు వచ్చి కూర్చుంటే పిల్లలు లేవాల్సి వస్తోంది.

కథల తయారీ కూడా మారింది. టిక్‌టాక్‌ను 2020లో మన దేశంలో నిషేధించారు గానీ, అక్కడ పుట్టిన పుస్తకాల గోల అంతా ఇన్‌స్టాగ్రామ్ రీల్స్ మీదుగా మన దాకా వచ్చేసింది. ఆ రీల్స్‌లో కథ ఏమిటో ఎవరూ చెప్పరు. శత్రువులు ప్రేమికులవుతారు, ఇద్దరికీ ఒకే మంచం దొరుకుతుంది, హీరో నల్లబట్టలు వేసుకుంటాడు, స్పైస్, అంటే శృంగారం, ఎంత ఉంది - ఇవే చెప్తారు. కొన్ని నవలలు చదువుతుంటే ముందు రీల్ రాసుకుని తర్వాత కథ అల్లారేమో అనిపిస్తుంది. 'ఆనిక్స్ స్టార్మ్' అంత అన్యాయం కాదు. డ్రాగన్లు, రౌతుల మధ్య మాటలు సరదాగా ఉంటాయి, యుద్ధ ఘట్టాలు పరుగెత్తిస్తాయి. కానీ మధ్యలో దీవి తర్వాత దీవి తిరిగే భాగం నాకు సాగదీతే. పదో తరగతి చదివే మా అక్క కూతురు సిరీస్ మొదటి భాగం పూర్తిచేసి ఒక్క ముక్కలో తేల్చేసింది: "మావయ్యా, కాలేజ్ అన్నారు గానీ అందులో అందరూ ఆఫీసువాళ్లలాగే మాట్లాడతారు." హీరోయిన్‌కు కథ మొదట్లోనే ఇరవై ఏళ్లు. పిల్లకు అర్థమైంది అమ్మేవాళ్లకు అర్థం కాలేదని కాదు, వాళ్లకు అవసరం లేదంతే.

ఇక నచ్చినవాటికి వస్తే, మార్చిలో 'హంగర్ గేమ్స్' సిరీస్‌కు పూర్వకథగా వచ్చిన సుజాన్ కాలిన్స్ 'సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్' నా దృష్టిలో ఆ ఏడాది మొదటి స్థానంలో ఉంటుంది. ఇందులో మంత్రాలు లేవు కాబట్టి ఫాంటసీ కాదని కొందరు వాదిస్తారు. పానెం అనే లేని దేశం, ఒక్కరు మిగిలేదాకా పిల్లలు ఒకరినొకరు చంపుకోవాల్సిన అక్కడి రాక్షస క్రీడలు, తయారుచేసిన వింత మృగాలు - నాకది చాలు. పాత సిరీస్‌లో తాగుబోతు గురువుగా కనిపించే హేమిచ్‌కు ఇందులో పదహారేళ్లు. పుట్టినరోజు నాడే చీటీలు తీసి పిల్లల్ని క్రీడలకు ఎంపిక చేస్తారు. అవి యాభయ్యో క్రీడలు కాబట్టి ఒక్కో జిల్లా నుంచి నలుగురు, మొత్తం 48 మంది పిల్లలు. ఎవడు బతుకుతాడో పాత పాఠకులకు ముందే తెలుసు. అయినా 'సస్పెన్స్' చచ్చిపోలేదంటే కారణం ఒకటుంది. 2009లో వచ్చిన రెండో భాగంలో ఈ క్రీడల వీడియోను పాత్రలు చూస్తాయి, వాళ్లతో పాటు మనమూ చూస్తాం. అసలు జరిగింది వేరు, ప్రభుత్వం కత్తిరించి అతికించి చూపించింది వేరు అని పదహారేళ్ల తర్వాత ఈ నవల బయటపెడుతుంది. పాఠకుడు కూడా ఇన్నేళ్లూ ఆ ఎడిటింగ్‌నే నమ్మాడన్నమాట.

కొద్దిమంది అంతమందిని అంత సులువుగా ఎలా పాలించగలుగుతున్నారన్న డేవిడ్ హ్యూమ్ ప్రశ్న నుంచి ఈ నవల పుట్టిందని కాలిన్స్ చెప్పారు. అది తత్వశాస్త్రం. రోజంతా రీల్స్ చూసే పిల్లలకు తత్వవేత్త పేరు అక్కర్లేదు, కత్తిరించిన వీడియో అంటే ఏమిటో వాళ్లకు మనకంటే బాగా తెలుసు. పెద్దవాళ్లు నాకు చెప్పింది నిజం కాదు అని మొదటిసారి తెలిసే వయసు ఏదైతే ఉందో, ఈ నవల సరిగ్గా దానికోసం రాసింది. చేతిలో జీతం లేదు, ఓటు లేదు, ఎక్కడ ఉండాలో ఏం చదవాలో తేల్చేది ఇంకొకరు. హేమిచ్ పరిస్థితి అదే, కాకపోతే ప్రాణాంతకం.

రెండోది ట్రేసీ డియాన్ 'ఓత్‌బౌండ్'. ఇది 2020లో మొదలైన 'లెజెండ్‌బార్న్' సిరీస్‌లో మూడో భాగం, నేరుగా ఇది పట్టుకుంటే ఒక్క ముక్క అర్థం కాదు. నార్త్ కరొలైనా విశ్వవిద్యాలయంలో బ్రిటన్ పురాణగాథల్లోని ఆర్థర్ రాజు వీరుల వారసులమని చెప్పుకునే రహస్య బృందం ఒకటుంది. శక్తులన్నీ వంశపారంపర్యం. అమ్మను పోగొట్టుకున్న పదహారేళ్ల నల్లజాతి అమ్మాయి బ్రీ అందులోకి అడుగుపెడుతుంది. అమ్మ వైపు నుంచి ఆమెకు వేరే విద్య ఉంది, దాని వెనక బానిసత్వపు చరిత్ర ఉంది. ఈ మూడో భాగం కాస్త గజిబిజిగా ఉందన్నది ఒప్పుకోవాలి, పాత్రలు ఎక్కువయ్యాయి. అయినా శక్తి ఎవరి వంశంలో పుట్టినవాళ్లకు దక్కాలి అన్న ప్రశ్న వేసే ఫాంటసీ మన పిల్లలు చదవాల్సిందే. ఎంత సాహసం చేసినా, హీరో తప్పిపోయిన రాకుమారుడేనని చివర్లో తేల్చే కథలు మనకు కొదవా? 1951లోనే 'పాతాళభైరవి' తోటమాలి కొడుకును తోటమాలి కొడుకుగానే ఉంచి గెలిపించింది. తర్వాత ఆ దారిలో నడిచినవి తక్కువ.

ఫిలిప్ పుల్మన్ 'ద రోజ్ ఫీల్డ్' అక్టోబర్‌లో వచ్చింది. 1995లో చిన్నపిల్లగా పరిచయమైన ఆయన హీరోయిన్ లైరాకు ఇప్పుడు ఇరవై ఏళ్లు ఉంటాయి. ఇది టీనేజ్ పుస్తకం కాదు, ఆ సంగతి పుస్తకమే దాచుకోదు. పాత్రతో పాటు పుస్తకమూ నిజాయితీగా పెరిగింది. పిల్లలకు ఇవ్వాలంటే 1995 నాటి మొదటి నవల 'నార్తర్న్ లైట్స్' ఇవ్వండి.

తెలుగు మాటేమిటని అడుగుతారు. 1947 జులైలో మద్రాసు నుంచి మొదలైన 'చందమామ'లో దాసరి సుబ్రహ్మణ్యం 1954లో 'తోకచుక్క'తో ఎత్తుకుని వరసగా రాసిన సీరియళ్లు మనకున్న గొప్ప ఫాంటసీ. చిత్రకారుడు చిత్రా గీసిన బొమ్మలతో నెల నెలా ఎదురుచూసిన తరానికి 'శిథిలాలయం', 'యక్షపర్వతం' గురించి వేరే చెప్పక్కర్లేదు. కానీ నిజం మాట్లాడుకుంటే అవి కూడా పన్నెండేళ్ల దగ్గర ఆగిపోతాయి. వాటిలో సాహసం ఉంది, స్నేహం ఉంది, ఒళ్లు మారుతున్న వయసు తికమక లేదు, ఇంటి మీద కోపం లేదు. అక్కణ్నుంచి మన తరం ఒక్క గెంతులో వీక్లీల్లోకి దూకింది. 'తులసిదళం' సీరియల్ వస్తున్న రోజుల్లో అమ్మ చదివాక పక్కన పెట్టిన వీక్లీని పుస్తకాల మధ్య దాచుకుని చదివిన పిల్లలెందరో. పెద్దల పుస్తకాలు దొంగచాటుగా చదవడం మనకు కొత్త కాదు. కాకపోతే ఆ వీక్లీ పెద్దవాళ్లదని మనకు తెలుసు, దొంగతనం చేస్తున్నామనీ తెలుసు. ఇప్పటి పిల్లకు ఆ తేడా తెలియనివ్వకుండా రెంటినీ ఒకే అరలో పెడుతున్నారు.

బెంగళూరులో పెరిగిన తెలుగు పిల్లలకు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బడిలో ఇంగ్లీషు, కన్నడ, హిందీ. తెలుగు గలగలా మాట్లాడతారు గానీ చాలామందికి చదవడం రాదు. కాబట్టి తెలుగులో రేపు ఎవరైనా అద్భుతమైన టీనేజ్ ఫాంటసీ రాసినా ఈ ఊళ్లో అది ముందు ఆడియో పుస్తకంగానే వెళ్లాలి. దాసరివారి సీరియళ్లను మంచి గొంతులతో పూర్తిగా రికార్డు చేసి పెట్టినా వినే చెవులు ఇక్కడ చాలానే ఉన్నాయి. పెద్దవాళ్లు కూడా వింటారనుకోండి.

పుస్తకాల షాపులకు నా విన్నపం చిన్నదే. రొమాంటసీకి, అంటే ప్రేమకథ కలిసిన ఫాంటసీకి, వేరే అర పెట్టండి, దానికి కొనుగోలుదారులు ఎటూ తగ్గరు. అట్ట వెనక 18 దాటినవాళ్లకు అని ఉంటే ఆ స్టిక్కర్ ముందుకు తెచ్చి అంటించండి. తల్లిదండ్రులు ఐదారు వందలు పెట్టి కొనేముందు మధ్యలో ఒక పది పేజీలు చదివితే చాలు. నిషేధాల జోలికి మాత్రం వెళ్లొద్దు, వద్దన్న పుస్తకం ముందు చదవడం ఆ వయసు లక్షణం. ఇంట్లో పద్నాలుగు దాటిన పిల్లలుంటే ఈ సెలవుల్లో 'సన్‌రైజ్ ఆన్ ద రీపింగ్' చేతికివ్వండి, దాని సినిమా 2026 నవంబర్‌లో విడుదలని ప్రకటించారు. తెర మీద చూసేలోపు చదివేస్తే, ఆ ఎడిటింగ్ గురించి సినిమా ఏం చేసిందో వాళ్లే చెప్తారు.